పాత మియాటాకు రెండో తరం షాకులు: నా అనుభవం

మాజ్దా వాళ్ల చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మియాటాలో మొదటి తరాన్ని ఎన్ఏ అంటారు, 1998లో వచ్చిన రెండో తరాన్ని ఎన్‌బీ అంటారు. నాది ఎన్ఏ. అంతకుముందు వాడినవాళ్లు పొట్టి స్ప్రింగులు వేసి కారును బాగా కిందికి దించారు. చిన్న గుంత తగిలినా వెనకవైపు దబ్బుమని కొట్టేది. షాకులు (షాక్ అబ్జార్బర్లు) మారిస్తే చాలని చాలామంది చెప్పారు కానీ, అసలు సమస్య షాకుకు పైన ఉండి దాన్ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంటులో ఉంది.

షాకు రాడ్డు మీద బంప్ స్టాప్ అనే మెత్తటి అడ్డు ఉంటుంది. చక్రం బాగా పైకి లేచినప్పుడు అది నొక్కుకుని రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. ఎన్ఏ మౌంటుతో చక్రం పైకి లేవడానికి చోటు తక్కువ. అలాంటి కారును ఇంకా కిందికి దించితే, మామూలు రోడ్డు మీద కూడా బరువంతా బంప్ స్టాప్ మీదే పడుతుంది. ఎన్‌బీ మౌంటుతో చక్రం పైకి లేచే ఆ చోటు పెరుగుతుంది. నా దృష్టిలో రెండు తరాల మధ్య అన్నిటికన్నా విలువైన తేడా ఇదే. అందుకే షాకు, స్ప్రింగు, మౌంటు మూడూ ఎన్‌బీవే సెట్టుగా తీసుకున్నాను. ఎన్‌బీ షాకుకు ఎన్‌బీ మౌంటే వాడాలి. రెండు తరాలకూ నాలుగు మూలలా, పైన ఒకటి కింద ఒకటి ఆర్మ్‌లతో (చేతుల్లాంటి కడ్డీలతో) చక్రాన్ని పట్టే డబుల్ విష్‌బోనే కాబట్టి సెట్టు నేరుగా కూర్చుంటుంది. 2005లో వచ్చిన మూడో తరం మాత్రం వేరు. వెనక మల్టీలింక్ (చక్రాన్ని ఇంకా ఎక్కువ కడ్డీలతో పట్టే అమరిక), ప్లాట్‌ఫామే కొత్తది, దాని జోలికి పోనక్కర్లేదు.

విప్పడంలో ముందువైపే కష్టం. రెండు వైపులా, మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే స్టెబిలైజర్ బార్ లింకులు విప్పి, పై ఆర్మ్ పొడవాటి బోల్టు లాగితే గానీ షాకు బయటికి రావడానికి దారి దొరకలేదు. కింది ఆర్మ్‌ల అలైన్‌మెంట్ బోల్టుల (చక్రాల కోణాన్ని సరిచేసేవి) జోలికి వెళ్లేవాళ్లు ముందే వాటి స్థానం గుర్తు పెట్టుకోవాలి. పాత కార్లలో అవి బుష్ (ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు భాగం) లోపలి గొట్టంతో తుప్పు పట్టి అతుక్కుపోతాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి, నానాక తిప్పడమే మంచిది, బలం చూపిస్తే బోల్టు విరుగుతుంది. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కేటప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదికే వస్తుంది, ఆ పని నిదానంగా, ముఖం పక్కకు పెట్టి చేశాను.

బుష్ బోల్టులను కారు గాల్లో ఉండగా గట్టిగా బిగించకూడదు. రబ్బరు లోపలి గొట్టానికి అంటుకుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. అందుకే చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు ఇచ్చాను.

తర్వాత అలైన్‌మెంట్ చేయించాను. వెనకవైపు ఆ దబ్బు శబ్దం పోయింది. మలుపులో గతుకు వచ్చినా చక్రం రోడ్డును వదలడం లేదు. ఎన్‌బీ ముందు స్టెబిలైజర్ బార్ ఎన్ఏ దానికంటే లావు, కానీ దాన్ని ఇప్పుడే వేయలేదు. ఈ సెట్టు ఎలా నడుస్తుందో పూర్తిగా తెలిశాకే దాని సంగతి చూస్తాను.