గుట్ట మీద గడ్డ మొలిచింది

పొద్దున ఆరున్నరకే ఫోన్. గుట్ట దగ్గర గొర్రెలు కాసే తాత. "నువ్వు అడిగిన గడ్డ మొలిసిందమ్మా, మొన్న రెండు వానలు పడినాయి" అన్నాడు. వెంటనే ఆయన మనవడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. వేలెడంత మొక్క. ఆకులు ఇంకా సరిగా విప్పుకోలేదు, పువ్వు మాత్రం పూసేసింది. ముదురు వంకాయ రంగు, శనగగింజంత. కాఫీ పెట్టుకోవడం కూడా మర్చిపోయి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వడానికి అనుమతి అడుగుతున్న గుట్ట అది. పర్యావరణ నివేదిక కోసం అక్కడి మొక్కలు లెక్కపెట్టడానికి మార్చిలో ఆరు రోజులు తిరిగాం. చెట్లకి పది మీటర్ల గడి, పొదలకి ఐదు, గడ్డీ గాదం లెక్కకి ఒక్క మీటరు గడి. తాళ్ళు కట్టి మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాం. నేలంతా ఎండి పెళుసెక్కిపోయి ఉంది. "ఇప్పుడేం కనపడతాదమ్మా, వాన పడనీ" అని తాత అప్పుడే అన్నాడు.

పర్యావరణ ప్రభావ నివేదికకి ఒక సీజన్ వివరాలు చాలు, అదీ వానాకాలం కాని సీజన్. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ కింద నడుస్తున్న పద్ధతి ఇది. వానలో దుమ్ము అణిగిపోతుంది కాబట్టి గాలిని కొలిచేవాళ్ళకి సరిపోతుందేమో. మొక్కలకి ఎలా సరిపోతుంది? బ్రాకిస్టెల్మా, సెరోపీజియా లాంటి గడ్డ మొక్కలు ఏడాదిలో చాలా నెలలు నేల కింద గడ్డగా పడుకుని ఉంటాయి. నేల మీద పెరిగే ఆర్కిడ్‌లూ అంతే. మార్చిలో మనం వాటి మీద నడిచి వెళ్ళినా తెలియదు.

పదింటికి బెంగళూరు ఐఐఎస్‌సీలో హెర్బేరియంకి, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోటుకి, వెళ్ళాను. మత్తికెరె నుంచి దగ్గరే. బీరువా తెరవగానే ఆ వాసన, పాత కాగితం వాసనా నాఫ్తలీన్ గోళీల వాసనా కలిసి. ఎప్పుడో ఎవరో ఎండబెట్టి అట్టకి కుట్టిన మొక్కలు. మూలన సిరాతో చిన్న చీటీ: ఊరు, తేదీ, పక్కన ఏమేం పెరుగుతున్నాయో. బళ్ళారి 1953 దాకా మద్రాసు వైపే ఉండేది కదా, అందుకని 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన గ్యాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్ష గ్రంథం కూడా తిరగేశాను. బ్రాకిస్టెల్మా అని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. ఏ జాతో చెప్పాలంటే పువ్వు లోపలి బుల్లి కిరీటాన్ని లెన్స్ కింద చూడాలి. ఫోన్ ఫోటోలో అది మసకగా ఉంది.

మధ్యాహ్నం ఆఫీసులో టెన్షన్. నేను "అరుదైన మొక్కలు సర్వేలో కనిపించలేదు" అని రాసి ఇచ్చాను. తుది ప్రతిలో అది "అరుదైన మొక్కలు లేవు" అయి కూర్చుంది. సార్ గదికి వెళ్ళి ఫోటో చూపించాను. వానల్లో ఇంకోసారి సర్వే చెయ్యకుండా ఆ వాక్యం కింద సంతకం పెట్టనని చెప్పాను. గొంతు కొంచెం వణికింది. ఆయన చాలాసేపు ఫోటో చూసి, "సోమవారం దాకా ఆపుతా. నువ్వు కళ్ళారా చూసి రా" అన్నారు.

తవ్వకం అయ్యాక మళ్ళీ పచ్చదనం పెంచే ప్లాను కూడా వెనక్కి తీసుకున్నాను. రెండు మీటర్లకో మొక్క, హెక్టారుకి 2,500. కానుగ, సుబాబుల్, నీలగిరి. అసలు ఆ గుట్ట నెత్తిన అడవే లేదు, బోదగడ్డీ ముళ్ళగడ్డీ ఉన్నాయి, వాటి మీద బతికే గొర్రెలున్నాయి. తవ్వేసిన చోట పశువులకి మేత దొరికేలా గడ్డి పెంచాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. పైమట్టి అక్కడ జానెడు కూడా ఉండదు. గింజలూ గడ్డలూ అన్నీ అందులోనే. దాన్ని ఎత్తుగా పోగేసి ఏళ్ళ తరబడి వదిలేస్తే లోపలివి చచ్చిపోతాయి. తీసిన మట్టి తీసినట్టు పక్క గుంత మీద పరవాలి, గడ్డి విత్తనం ఆ గుట్ట మీదే ఏరాలి అని రాశాను. వానలు పోయాక కంకులు ముదురుతాయి, అప్పుడు కూలికి ఊళ్ళో ఆడవాళ్ళే వస్తారు. అంత చేసినా ఆ వంకాయ రంగు పువ్వు తిరిగొస్తుందని నేను రాయలేను. ఆ నేల చెక్కని అసలు తవ్వకుండా వదలమనే అడుగుతాను.

సాయంత్రం ఫీల్డ్ బ్యాగు దులుపుతుంటే మార్చి నాటి సాక్స్‌లో ముళ్ళగడ్డి గింజ ఒకటి గుచ్చుకుని కనిపించింది. సూదిమొన, వెనక పొడుగాటి తోక. పళ్ళెంలో పెట్టి ఒక్క నీటి చుక్క వేశాను. తోక మెల్లగా మెలి విప్పుకుంటూ గిర్రున తిరిగింది. వాన పడినప్పుడు నేలలోకి ఇలాగే దిగబడుతుంది. రెండో చుక్క వేసి మళ్ళీ చూశాను.

శుక్రవారం రాత్రికి హంపి ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ దొరికింది. తాతకి ఫోన్ చేసి చెప్పాను. మొక్క చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టాడట, గొర్రెలు తొక్కకుండా.