సున్నుండకి కావలసింది జానెడు లోతు

మా సున్నుండ ఒక హామ్‌స్టర్, అంటే ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు. దానికి ఈ నెలతో రెండేళ్ల మూడు నెలలు నిండాయి. హామ్‌స్టర్ లెక్కలో ముసలిదైపోయినట్టే, ఇవి బతికేదే రెండేళ్లు, మహా అయితే మూడు. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లలు దాన్ని చూసి వెళ్లి మాకూ కావాలని ఇంట్లో ఒకటే గొడవట, వాళ్ల అమ్మలు లిఫ్ట్ దగ్గర ఆపి ఎలా పెంచాలో చెప్పమన్నారు. లిఫ్ట్ వచ్చేలోపు చెప్పగలిగేది కాదు, అందుకే రాస్తున్నా.

మేం మొదలుపెట్టిందే తప్పుతో. పాప ఏడో పుట్టినరోజుకి కొనడానికి వెళ్తే షాపతను "ఒక్కటైతే బెంగ పెట్టుకుంటుందండీ, జంట తీసుకోండి" అన్నాడు. పాపం నిజమే కదా అనిపించింది. రెండు పిల్లలు, ఒక ఇనుప పంజరం, అరచేయంత ప్లాస్టిక్ చక్రం, కవరు నిండా రంపపు పొట్టు, పడుకోడానికి కాస్త దూది, అన్నీ కట్టి ఇచ్చాడు. పాప రెండింటికీ సున్నుండ, అరిసె అని పేర్లు పెట్టింది. మూడు వారాలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయాయి. ఆ తర్వాత ఒక రాత్రి ఒకటే కీచుకీచుమని అరుపులు, లైటు వేసి చూస్తే రెండూ బంతిలా చుట్టుకుని దొర్లుతున్నాయి, అరిసె చెవి చివర తెగి రక్తం కారుతోంది. మందపాటి తువ్వాలు వేసి విడదీశాం. మావి సిరియన్ అనే రకమని, ఈ రకం హామ్‌స్టర్లు పెద్దవయ్యాక తోబుట్టువులైనా సరే కలిసి ఉండలేవని, చంపుకునేదాకా కొట్టుకుంటాయని మర్నాడు డాక్టర్ గారు చెప్తే తెలిసింది. అరిసెని మా ఆడపడుచు వాళ్లింటికి పంపాం, పాప రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదివాను. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త సిరియాలో అలెప్పో దగ్గర ఒక పొలంలో తవ్విస్తే, సుమారు ఎనిమిది అడుగుల లోతున గూట్లో ఒక తల్లి, పదకొండు పిల్లలు దొరికాయట. ఇవాళ ఇళ్లలో పెరుగుతున్న సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కాన్పు సంతతే. ఇది చదివిన రోజు పంజరం ముందు కూర్చుని చాలాసేపు చూశాను. నేల లోపల, చీకట్లో, చల్లగా, ఒంటరిగా బతికే జంతువుకి మేం ఇచ్చింది రెండు వేళ్ల మందం పొట్టు. రాత్రంతా చువ్వలు కొరుకుతుంటే ఆడుకుంటోంది అనుకున్నాం!

వడ్రంగిని పిలిపించి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ పెట్టె చేయించాం, ముందు అద్దం, పైన జాలీ. అందులో కాగితం పొట్టు జానెడు లోతు పోశాం, ఒక పక్క ఇంకా ఎక్కువే. అంతకుముందు రంపపు పొట్టుకి దానికి తుమ్ములే తుమ్ములు. దూది అయితే అసలు వద్దు, పోగులు కాలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. చక్రం పదకొండు అంగుళాలది తెప్పించాం, పరిగెత్తేటప్పుడు నడుం వెనక్కి వంగకూడదు. అది తిరిగితే వచ్చే చప్పుడికి ఇరుసు మీద కొబ్బరినూనె ఒక చుక్క చాలు.

మొదటి రాత్రే సొరంగం తవ్వేసింది. చువ్వలు లేవు కాబట్టి కొరకడం ఎలాగూ ఉండదు, కానీ మూలల్లో పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ తిరగడం కూడా ఆగిపోయింది.

తిండి సంగతికొస్తే మన వంటింట్లోనే సగం ఉంది. సజ్జలు, కొర్రలు, జొన్నలు కలిపి రోజుకి రెండు చెంచాలు, కీరదోస ముక్క, వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు తెల్లసొన చిటికెడు. ఉల్లి, వెల్లుల్లి, నారింజ, నిమ్మ పెట్టొద్దు. పొద్దుతిరుగుడు గింజలు ఎన్ని వేసినా తింటుంది గానీ కొవ్వు, అవి చేతికి మచ్చిక చేయడానికి మాత్రమే వాడండి. నా అరచేతిలో గింజ తీసుకోడానికి దానికి ఇరవై రోజులు పట్టింది, పైనుంచి చెయ్యి వస్తే గద్ద అనుకుంటుందేమో, పక్కనుంచి నేలకి ఆనించి పెట్టాలి. చీమలకి మందు చల్లకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను, మా అమ్మమ్మ పాల గిన్నెకి చేసినట్టు.

శుభ్రం చేయడంలో అతి వద్దు. వారం వారం మొత్తం పారబోసి కడిగితే దానికి తన వాసన దొరక్క కంగారుపడుతుంది. తడిసిన మూల వరకు తీసేసి, నెలకోసారి మూడో వంతు మారిస్తే చాలు. స్నానం అంటారా, నీళ్లతో ఎప్పుడూ చేయించొద్దు. జల్లించి, కడిగి, మూకుట్లో వేయించి చల్లార్చిన ఇసుక ఒక గిన్నెలో పెడితే అదే దొర్లుతుంది.

అన్నిటికన్నా నాకు టెన్షన్ మన ఎండలు. దీనికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి, హైదరాబాద్‌లో మే నెల సంగతి తెలిసిందేగా. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, నేను ఆఫీసులో ఉన్నా. నాలుగింటికి వచ్చేసరికి పక్కకి వాలిపోయి, మూతి తడిసి, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చన్నీళ్లలో ముంచితే షాక్‌కి చచ్చిపోయే ప్రమాదం ఉంది, అందుకని చల్లటి గదిలో తడిగుడ్డ మీద పడుకోబెట్టి, మూతి దగ్గర నీటిచుక్క పెట్టి, ఆటోలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. చర్మం కింద సెలైన్ ఎక్కించారు. రాత్రి తొమ్మిదింటికి కళ్లు తెరిచి మీసాలు కదిపింది, పాప అప్పటిదాకా నా కొంగు వదల్లేదు.

ఆ వారమే కుమ్మరి దగ్గర చిన్న మట్టికుండ కొని, పక్కకి వాల్చి, సగం పొట్టులో పాతిపెట్టాను. ఇక ఎండ ముదిరితే పగలంతా అందులోనే.

ఇప్పుడు వీపు మీద జుట్టు పలచబడింది, చక్రం ఎక్కడం మానేసింది, సజ్జలు నానబెట్టి పెడుతున్నాం. నిన్న రాత్రి పన్నెండు దాటాక కుండలోంచి మెల్లగా బయటికొచ్చింది, ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది, గిన్నె దగ్గర కూర్చుని ఒక్కో గింజా బుగ్గల్లోకి తోసుకుంది, మొహం భుజాలంత వెడల్పయ్యింది. కుండ అంచు ఎక్కలేక రెండుసార్లు జారింది. పాప నిద్రకళ్లతోనే లేచి వచ్చి, కుండ మూతి ముందు పిడికెడు పొట్టు పోసి ఎత్తు చేసింది. ఈసారి ఎక్కింది, లోపల బుగ్గలు నొక్కి గింజలు కక్కుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినపడింది.