తిప్పమంటే తిప్పే పడవ

2025 నవంబర్ 16, ఆదివారం. హనుమకొండ.

పొద్దున టీ దగ్గర మళ్లీ అదే పంచాయితీ. సంక్రాంతి అయ్యాక నలుగురం కలిసి థాయిలాండ్‌లోని ఫీఫీ దీవులకు పోదామని అనుకుని నెల దాటింది. హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి రసాడా రేవులో ఫెర్రీ ఎక్కితే రెండు గంటల్లోపు ఫీఫీ డాన్, ఆ దీవుల్లో జనం ఉండే పెద్ద దీవి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. దీవికి చేరాక ఏ పడవ ఎక్కాలన్న దగ్గరే అందరం ఆగిపోయాం.

మా ఆయనకు, బిడ్డకు రాత్రి పడవ కావాలి. మధ్యాహ్నం ఎక్కించుకుని, మనుషులు ఉండని ఫీఫీ లే దీవి చుట్టూ తిప్పి, పొద్దుగూకడం చూపించి, పడవలోనే అన్నం పెట్టి, అక్కడే పడక వేసి, తెల్లారాక దింపుతారట. బిడ్డ ఆశంతా చీకట్లో మెరిసే నీళ్ల మీదే. ఆ సముద్రంలో కంటికి కనబడనంత చిన్న జీవులు ఉంటాయి. చెయ్యి పెట్టి నీళ్లను కదిలిస్తే నీలంగా వెలుగుతాయి. ఆ వీడియోలు నాకు ఎన్నిసార్లు చూపించిందో లెక్కే లేదు.

నా మనసు మాత్రం లాంగ్‌టెయిల్ పడవ మీద ఉంది. సన్నటి చెక్క పడవ, వెనక ఇంజిన్, దానికి పొడుగాటి ఇనుప రాడ్, ఆ రాడ్ చివర నీళ్లలో తిరిగే పంకా. ముందు కొమ్ముకు రంగురంగుల గుడ్డలు, పూలదండలు కడతారు. పడవను కాపాడే తల్లి అక్కడ ఉంటుందని వాళ్ల నమ్మకం, ఆమెను మే యా నాంగ్ అంటారు. మన దగ్గర కొత్త ట్రాక్టర్‌కు దండేసి కొబ్బరికాయ కొట్టినట్టే అనిపించి ఆ పడవ నాకు దగ్గరైంది. గంటల లెక్కన మాట్లాడుకుంటే అది మనకొక్కరికే.

అత్తమ్మకు ఏ పడవా వద్దు. "నీళ్ల మీద రాత్రంతా పండుకునుడేంది బిడ్డా? మీరు పోయి రాండ్రి, నేను ఇంటికాడ ఉంట" అంది.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల పడవ మునిగిపోయింది. అందులో మన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరే తిరిగి వచ్చారు. ఆ పడవను అక్టోబర్ 22న గానీ పైకి తీయలేకపోయారు. అన్ని రోజులూ అత్తమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. అప్పటి నుంచి భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేటప్పుడు కూడా నీళ్లకు దూరంగా, అవతలి పక్కనే నడుస్తుంది. అలాంటి మనిషిని ఇంట్లో వదిలేసి పోవడం నాకు ఇష్టం లేదు. బలవంతంగా తీసుకుపోవడమూ ఇష్టం లేదు.

అందుకే, ముందు మన చెరువులో ఒకసారి ఎక్కి చూద్దామన్నాను. పదింటికి పులిహోర, పెరుగన్నం సర్దుకుని లక్నవరం బయల్దేరాం. కార్తీక మాసం చివరి ఆదివారం, ఎక్కడ చూసినా వనభోజనాల జనమే. దారి పొడవునా ఒక పక్క వడ్లు ఆరబోసి ఉన్నాయి. ములుగు దాటాక అత్తమ్మ మేడారం మాట ఎత్తింది. జనవరి 28 నుంచి జాతర. మనుమరాలి ఎత్తు బంగారం మొక్కు ఉంది, బెల్లం కొనాలి, ఏ దేశం పోయినా అంతకు ముందే ఇల్లు చేరాలని గట్టిగా చెప్పింది. పోనని అనలేదు, తిరిగి రావాలని మాత్రమే అంది. నేను అది పట్టుకున్నాను, పైకి ఏమీ అనలేదు.

చల్వాయి దగ్గర హైవే వదిలి అడవి దారి పట్టాం. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, ఈ రోజుకూ పొలాలకు నీళ్లిస్తోంది. గుట్టల మధ్య నిండుగా ఉంది. వేలాడే వంతెన మీద అత్తమ్మ నా భుజం పట్టుకుని నడిచింది.

మొదట పెద్ద పడవ ఎక్కాం. జాకెట్లు వేసుకున్నాం, జనం బాగానే ఉన్నారు. ఒడ్డు కొంచెం దూరం కాగానే అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "వెనక్కి తిప్పమను" అంది. అడిగాను. ఇంతమంది ఎక్కారు కదమ్మా, చుట్టు తిరిగే పోవాలన్నాడు ఆ అబ్బాయి. అతని మాట తప్పు కాదు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది. దిగాక చాలాసేపు మాట్లాడలేదు. తప్పు చేశానని నాకు గుండెలో బరువుగా ఉంది.

అన్నాలు తిన్నాక బిడ్డ ఏం చెప్పిందో ఏమో, నానమ్మను మళ్లీ ఒడ్డుకు తీసుకొచ్చింది. ఈసారి చిన్న పడవ, మేం నలుగురమే. నడిపే అతను నడివయసు మనిషి. "అమ్మా, నువ్వు ఎప్పుడంటే అప్పుడు తిప్పుత, పరేషాన్ గాకు" అన్నాడు. పడవ దీవుల దాకా పోయింది. అత్తమ్మ తిప్పమంటుందని నేను చూస్తూనే ఉన్నాను. అనలేదు. మధ్యలో ఒకసారి వంగి నీళ్లలో వేళ్లు పెట్టి, తడి చెయ్యి కళ్లకు అద్దుకుంది.

నాకు ఆ రెండు పడవల తేడా అక్కడ తెలిసింది. ఇన్ని రోజులూ మేం ఖర్చు ఎంత, ఏ పడవలో ఏం చూపిస్తారు అని లెక్కలు వేశాం. ఒడ్డుకు ఎప్పుడు తిరగాలో ఎవరి చేతిలో ఉంటుందని ఒక్కరం కూడా అడగలేదు. రాత్రి పడవ ఎంత మంచిదైనా, అర్ధరాత్రి అత్తమ్మకు ఊపిరాడనట్టు అనిపిస్తే పొద్దున దాకా ఆగాల్సిందే. ఆమెకే కాదు, నాకు వాంతులు మొదలైనా అంతే.

ఇంటికొచ్చాక మా ఆయనతో కూర్చుని మళ్లీ చూశాను. రాత్రి పడవ మీద ఆయన ఆశ సగం ఫీఫీ లే దీవిలోని మాయా బే తీరం కోసమే. కానీ అక్కడ పగడాలు బాగా దెబ్బతిని 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు పడవలను ఆ ఇసుక దగ్గరికి రానివ్వరు. వెనకవైపు 'లో సమా' అనే చోట దిగి నడిచి పోవాలి, నీళ్లలోకి మోకాళ్ల దాకే. పార్క్ టికెట్ పెద్దవాళ్లకు 400 బాట్. అలా మూసి ఉంచాకే సొరచేపలు మళ్లీ వచ్చాయి, మంచి పనే చేశారు. అలాంటి చోటికి గుంపులు రాకముందు పొద్దున్నే మనకే మాట్లాడుకున్న లాంగ్‌టెయిల్‌లో పోవడం మేలని ఆయన కూడా ఒప్పుకున్నారు.

రాత్రి నిద్ర మాత్రం పడవలో కాదు, ఫీఫీ డాన్ దీవి మీదే. చీకటి పడ్డాక మెరిసే నీళ్లు చూపించి తీసుకొచ్చే చిన్న ట్రిప్పులు ఉన్నాయి కాబట్టి తండ్రీబిడ్డలు ఆ కాసేపు పోయి వస్తారు. అత్తమ్మ, నేను ఒడ్డున కూర్చుంటాం. బిడ్డ మొదట మూతి ముడుచుకుంది. రాత్రంతా పడవలో పడుకోవడం వేరు, నాకూ తెలుసు. తన ఆశలో ఒక ముక్క నేనే కోసేశాను, ఆ బాధ ఉంది.

ఆ మెరుపు వెన్నెల లేని రోజుల్లోనే బాగా కనబడుతుందని బిడ్డ క్యాలెండర్ తీసింది. జనవరి 18, ఆదివారం, అమావాస్య. అమావాస్యకు ఆటుపోట్లు ఎక్కువ. నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఫీఫీ డాన్‌లోని 'లో దలమ్' తీరం దగ్గరికి పడవలు రాలేవు, అందుకే పొద్దున ఏ వేళకు ఎక్కాలో ముందే అడిగి పెట్టుకోవాలి. అది రాసుకున్నాను. అంతకన్నా పెద్ద చిక్కు అత్తమ్మతోనే అనుకున్నాను. అమావాస్య అంటే ఇంట్లో గడప దాటనివ్వదు.

వంటింట్లో నుంచి అంతా వింటూనే ఉంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి "అమావాస్యనాడు బయల్దేరొద్దు గని, ఆడికి చేరినోళ్లు ఉండొచ్చు" అంది.

అంటే 17న శనివారమే విమానం ఎక్కాలి.