హార్డీ నవలలో ధాన్యం ధర

మా ఇంగ్లీషు సారు డాక్టరేటు దేని మీద చేశారని ఎవరైనా అడిగితే, "ధాన్యం ధరల మీద" అని జవాబు చెప్పేవారు. అది విని ఆయనను అర్థశాస్త్రం అధ్యాపకుడనుకున్నవారు కూడా ఉన్నారు. నిజానికి ఆయన పరిశోధన ఆంగ్ల రచయిత థామస్ హార్డీ నవలల మీద, ముఖ్యంగా 1886లో వెలువడిన 'ద మేయర్ ఆఫ్ క్యాస్టర్‌బ్రిడ్జ్' మీద. ఈ సంచికలో తన పేరు వేయవద్దని, రాస్తే పాఠం గురించి రాయమని ఆయన షరతు పెట్టారు. 1916లో దత్తమండల కళాశాలగా మొదలైన మన అనంతపురం ప్రభుత్వ కళాశాలలో ఆయన దగ్గర చదివినవారికి పేరుతో ఎలాగూ పని లేదు కనుక, ఆ షరతుకు లోబడే రాస్తున్నాను.

హార్డీ అనగానే బజారులో దొరికే గైడ్లన్నీ ముక్తకంఠంతో చెప్పే మాట విధి. మనుషులు ఎంత పెనుగులాడినా విధి వారిని ఓడిస్తుందని నాలుగు పేజీలు రాస్తే మార్కులు పడేవి. తలరాత అనే మాట పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగిన సీమ పిల్లలం కాబట్టి మాకు ఆ జవాబు నాలుక చివరనే ఉండేది. సారు తరగతిలో మాత్రం అది చెల్లేది కాదు. "విధి అని యాడ రాసినాడో చూపించప్పా" అంటూ పుస్తకం చేతికిచ్చేవారు. మాలో ఒకతను పట్టుదలగా వెదికి, పదిహేడో అధ్యాయంలో మనిషి స్వభావమే వాడి విధి అని జర్మన్ కవి నోవాలిస్ పేరుతో హార్డీ ఉదహరించిన వాక్యాన్ని చూపించాడు. సారు చాలా సంతోషించి, ఇక ఇరవై ఆరో అధ్యాయం తెరవమన్నారు.

ఆ అధ్యాయాన్ని ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ధాన్యం వ్యాపారి హెంచర్డ్, ఒకప్పుడు తన దగ్గర పనిచేసి ఇప్పుడు పోటీకి నిలిచిన ఫార్‌ఫ్రేను దెబ్బతీయాలనే పంతంతో, ఊరికి దూరంగా ఒంటరిగా బతికే ఒక వాన జోస్యుని గుడిసెకు చీకట్లో వెళ్తాడు. ఆగస్టు చివర్లో గాలివానలు తప్పవని అతడు చెప్పగానే, పంట పాడై ధర పెరుగుతుందన్న ఆశతో ఎడాపెడా ధాన్యం కొనేస్తాడు. తీరా చూస్తే ఆకాశం తేటపడుతుంది, ధర పడిపోతుంది, కొన్న సరుకుకు డబ్బు కట్టవలసిన రోజు వచ్చి నెత్తిన కూర్చుంటుంది. హెంచర్డ్ నష్టానికి అమ్ముకుంటాడు, ఆస్తులు బ్యాంకువారి చేతికి వెళ్తాయి. సరిగ్గా కోతలు మొదలయ్యాక వాన రానే వస్తుంది. చవగ్గా కొని పెట్టుకున్న ఫార్‌ఫ్రే బాగుపడతాడు. ఇంతవరకు చెప్పి సారు పుస్తకం మూసి, "మరి జోస్యం తప్పిందా?" అని అడిగేవారు.

తప్పలేదు. వాన వచ్చింది. వచ్చేదాకా సరుకు పట్టుకుని ఉండగల స్తోమత హెంచర్డ్‌కు లేకపోయింది. ఈ సంగతి మాకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన మిత్రుడొకరు లేచి, "మా నాయన గూడా శెనక్కాయలు కల్లంలోనే అమ్మేసినాడు సార్, షావుకారు అప్పు కట్టల్ల గదా" అన్నాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లాలో, ఉగాదినాడు పంచాంగ శ్రవణం విని మృగశిర, ఆరుద్ర కార్తెలను లెక్కపెట్టుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మేము. నల్లబల్ల మీద వాన, ధర, అప్పు అని మూడు గడులు గీసి సారు ఆ నవలను మా ముందు పరిచారు. ఆయన పరిశోధన సారాంశం కూడా అదే: హార్డీ పల్లెల్లో మనుషులను పడగొట్టేది విధి కన్నా ముందు బాకీ గడువు.

ఇక్కడ సారుతో నాకు చిన్న పేచీ ఉంది. ఓపిక పట్టి ఉంటే లాభం రాకపోయినా కనీసం నష్టం తప్పేదని హార్డీ రాసినచోటే, హెంచర్డ్ స్వభావానికి ఓపిక అనేది తెలియదని కూడా రాశాడు. కాబట్టి పదిహేడో అధ్యాయం చూపించిన మా సహాధ్యాయి పూర్తిగా ఓడిపోలేదని నా అభిప్రాయం. ఈ మాట సారుకు చాలా ఏళ్ల తర్వాత ఫోనులో చెబితే, "పరీక్షలో రాసింటే నాలుగు మార్కులు ఎక్కువ ఏసేవాణ్ని" అన్నారు.

అదే నవల ఇరవై నాలుగో అధ్యాయంలో క్యాస్టర్‌బ్రిడ్జ్ సంతకు గుర్రంతో లాగించే విత్తనాల యంత్రం వస్తుంది. రంగురంగుల ఆ వింతను చూడడానికి ఊరంతా మూగుతుంది. చేత్తో చల్లే విత్తనం కొంత దారి పాలు, కొంత ముళ్ల పాలు అయ్యేదని, ఇకమీదట ప్రతి గింజా అనుకున్నచోటే పడుతుందని ఫార్‌ఫ్రే మురిసిపోతాడు. హెంచర్డ్ సవతి కూతురు ఎలిజబెత్ జేన్ మాత్రం విత్తేవాడి అందం ఇక పోయినట్టేనని విచారిస్తుంది. ఈ ఘట్టం చెప్పేటప్పుడు సారు మాలో సేద్యం తెలిసిన ఒకరిని పిలిచి గొర్రు బొమ్మ గీయించేవారు. జడ్డిగం అనే గిన్నెలో గింజలు పోస్తే వెదురు గొట్టాల గుండా సాళ్లలో వరుసగా పడతాయని అతను చెబుతుంటే, 1840ల ఇంగ్లండులో ఒక పట్టణం నోరు తెరుచుకుని చూసిన పని మన చేలల్లో తాతల కాలం నుంచీ జరుగుతున్నదేనని మాకు తెలిసింది. సారు దాన్ని గొప్పలు చెప్పుకోవడానికి వాడలేదు. ఒకే పనిముట్టు ఒకచోట పాతదిగా, మరొకచోట కొత్తదిగా ఉన్నప్పుడు దాన్ని చూసి ఎవరు దిగులుపడతారు, ఎవరు లెక్కలు వేసుకుంటారు అనేది ఆయనకు కావలసిన ప్రశ్న.

హార్డీ ఈ నవల రాసేముందు తన సొంత జిల్లా పత్రిక 'డోర్సెట్ కౌంటీ క్రానికల్' పాత సంచికలను 1826 నాటివి మొదలుకొని తిరగేసి, నవల మొదట్లో హెంచర్డ్ చేసినట్టు భార్యను అమ్మిన వార్తల వంటివి ఒక పుస్తకంలో ఎక్కించుకున్నాడు. సారు మా చేత కూడా అలాంటి పనే చేయించారు. జిల్లా గ్రంథాలయంలో పాత దినపత్రికల నుంచి వేరుశనగ ధరలను, వాన వార్తలను ఎత్తిరాసి, వాటి మీద ఇంగ్లీషులో రెండు పేజీలు రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నా వంటివారు మొదటిసారి గైడు సాయం లేకుండా ఇంగ్లీషు వాక్యం రాసింది అప్పుడే, ఎందుకంటే ఆ విషయం మీద గైడు లేదు.

హార్డీ 1883లో డోర్సెట్ కూలీల మీద రాసిన వ్యాసాన్ని సిలబస్‌లో లేకపోయినా చదివించేవారు. ఏటా వసంతంలో ఒక కమతం నుంచి మరొక కమతానికి బండ్ల మీద సామాను కట్టుకుని పోయే ఆ కుటుంబాలను చదువుతుంటే, బెంగళూరుకు మూటాముల్లె సర్దుకునే మన కదిరి పల్లెలు కళ్లముందు కదలడం సహజం. కవిత్వానికి మాత్రం ఆయన న్యాయం చేయలేదు. మొదటి భార్య ఎమ్మా 1912లో పోయాక హార్డీ రాసిన కవితలను ఒక్క పీరియడులో ముగించారు. వాటిలో ధరలు లేవన్నది బహుశా కారణం.

ఉద్యోగ విరమణ తర్వాత సారు 1876–78 నాటి కరవు వైపు మళ్లారు. దత్తమండలాలు మలమల మాడిన ఆ రోజుల్లో మద్రాసులో పత్రిక నడుపుతూ విలియం డిగ్బీ రాసి 1878లో అచ్చువేసిన కరవు చరిత్రను, అదే ఏడాది లండన్ పత్రికలో ధారావాహికగా వచ్చిన హార్డీ 'ద రిటర్న్ ఆఫ్ ద నేటివ్'ను పక్కపక్కన పెట్టి చదువుతున్నారు. కరవు నివేదికను సాహిత్యం తరగతిలో పెట్టవచ్చునా అని మేము ఇంకా వాదించుకుంటూనే ఉన్నాము. ఆయన పెట్టవచ్చునంటారు. నేను ఇంకా ఒప్పుకోలేదు.