డెబ్బై రెండు కిలోల బస్తా

కాలి చెప్పు ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. మిర్యాలగూడలో మా రైసుమిల్లు గేటు దాటాక వాచ్‌మన్ కేకేశాడు: "సారూ, ఎడమ చెప్పు ఈడనే ఉంది." అంతకు వారం ముందు విరేచనాలు పట్టుకుని రెండు రోజులు మంచాన పడ్డాను. ఆ నీరసమే అనుకున్నా. మర్నాడు పొద్దున లేవబోతే మోకాళ్లు మడతపడ్డాయి. సాయంత్రానికి చేతులూ అంతే.

నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. గిలియన్ బారే అన్నాడు డాక్టరు. 2025 మొదట్లో పుణెలో చాలామందికి వచ్చిందని టీవీలో చూశామే, ఆ జీబీఎస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే పడుతుంది. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. ఊపిరి దాకా రాకుండా ఆగింది, నా అదృష్టం. నరాలు కుదురుకోవడానికి నెలలు పడుతుందన్నారు. మందు పని ఐదు రోజుల్లో అయిపోయింది. మిగతా నలభై రోజులు వార్డు ఆయమ్మ పని.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఆయమ్మకు యాభై దాటి ఉంటాయి. తన మోకాలు మంచంపట్టెకు ఆనించి, నా భుజం కింద చెయ్యి దూర్చి, "ఇగ ఒరుగు సారూ" అనేది. ఒరిగేంత బలం నాకెక్కడిది, అంతా ఆమెదే. చేతులు ఫినాయిల్ వాసన. తిప్పాక దుప్పటిని అరచేత్తో సాపు చేసేది. దుప్పటి ముడత కూడా పుండు చేస్తుందట. ఆ మాట నాకు ఏ డాక్టరూ చెప్పలేదు.

ఒక రాత్రి ఎంతసేపటికీ రాలేదు. తెల్లవారుజామున వస్తే నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పటికి నాలో సరిగ్గా పనిచేస్తున్నది నోరొక్కటే. ఆమె తిరిగి ఏమీ అనలేదు. వీపు చూసి, "ఎర్రగైంది" అంది. తర్వాత సిస్టర్ చెప్పింది, ఇంకో ఆయమ్మ మానేసి పది రోజులైందని, రాత్రిపూట 26 మంచాలకు ఈమె ఒక్కతేనని. కొత్తవాళ్లు వస్తున్నారట, జీతమెంతో అడిగి వెళ్లిపోతున్నారట.

నేను మిల్లులో హమాలీల లెక్క రాసే గుమాస్తాను, అడగకుండా ఎట్లుంటాను. ఆయమ్మ చేతికొచ్చేది 9,000. మధ్యలో ఏజెన్సీ. పీఎఫ్ కోస్తున్నామంటారు, ఆమెకు నంబరే ఇవ్వలేదు. సిస్టర్‌కు 13,000. యాభై పడకలకు తక్కువున్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు 20,000కు తగ్గకూడదని, సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లోనే సిఫార్సు చేసింది. సిస్టర్‌కు అది తెలుసు. తెలిసే, రాత్రి డ్యూటీలో జర్మనీకి పోదామని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జర్మన్ నేర్చుకుంటోంది. రాత్రి రెండింటికి సెలైన్ మారుస్తూ "గూటెన్ మోర్గెన్" అని గొణిగేది, గుడ్ మార్నింగ్ అనట.

నా బిల్లులో నర్సింగ్ చార్జీలు రోజుకు 800 అని వేరే పద్దు. మంచాలన్నీ నిండితే నెలకు 6,24,000. నలుగురు సిస్టర్లకూ ముగ్గురు ఆయమ్మలకూ కలిపి 79,000. మిగతాది ఎటు పోతుందో రోగికి ఎవరు చెబుతారు?

మా హమాలీలది బస్తా రేటు. పెంచనంటే లారీ దిగదు. ధాన్యం తడుస్తుందని ఓనరు రెండో రోజుకే మాటలకు దిగుతాడు. నా బరువు 72 కిలోలు. పన్నెండు గంటల డ్యూటీలో ఆరుసార్లు తిప్పేది, నాలాంటివాళ్లం ముగ్గురం. ఆయమ్మ పని ఆపి కూర్చుంటే తడిసేది ధాన్యం కాదు, మేము. అది ఆమెకు తెలుసు. ఆమె కూర్చోదని ఏజెన్సీవాడికీ తెలుసు.

ఇంటికొచ్చేరోజు ఐదు వందలు చేతిలో పెట్టాను. తీసుకుంది. నాకే సిగ్గేసింది.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నా. పెన్ను పట్టుకుంటే ఎనిమిది అంకె ఇంకా వంకరగానే వస్తుంది. దసరా తర్వాత చూపించుకోవడానికి పోతే వార్డులో ఆయమ్మ లేదు. సిస్టర్‌నడిగాను.

"పత్తి ఏరనీకి పోయింది సార్. ఆడ కిలో లెక్కన ఇస్తరంట."