రెండో రాత్రి

పొట్ట మీద వేలాడే చర్మం తీయించుకునే ఆపరేషన్ అయి ఎనిమిది నెలలయింది. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా పొట్ట కింద గీసినట్టున్న మచ్చ మొదట్లో ఎర్రగా ఉబ్బి ఉండేది, ఈ మధ్యే రంగు తగ్గుతోంది. పూర్తిగా నెమ్మదించడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందన్నారు. ఇన్నాళ్లూ రాద్దామని కూర్చుంటే ఆ రెండో రాత్రి గుర్తొచ్చి చేతులు చల్లబడేవి.

ఎందుకు చేయించుకున్నావని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. రెండేళ్లలో 42 కిలోలు తగ్గాను. ఒళ్లు తగ్గింది గానీ చర్మం తగ్గలేదు. పొత్తికడుపు మీద మడతలు పడి వేలాడేది. వాటి కింద చెమట నిలిచి, ఒరిసి, పుండ్లు పడేవి. పౌడరు చల్లినా మందు రాసినా నాలుగు రోజులకు మళ్లీ మొదలు. అద్దంలో బాగా కనిపించాలన్న కోరిక కూడా ఉంది, దాన్ని దాచను. అది తప్పని ఎవరన్నా ఒప్పుకోను.

సర్జన్ మంచి మాటలే చెప్పారు. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉంటేనే చేస్తానన్నారు. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదన్నారు. మిగిలిపోయిన చర్మం తీసేసి, ఎడంగా జరిగిన పొట్ట కండరాలను దగ్గరకు కుట్టి, బొడ్డుకు కొత్తగా చోటు చేస్తారు. చేతులు, తొడలు కూడా ఒకేసారి చేసెయ్యమని నేను బతిమాలితే కుదరదన్నారు. ఆపరేషన్ ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెరుగుతుందట. ఆ పట్టుదలకు ఇప్పుడు దండం పెడుతున్నాను. కానీ రక్తస్రావం గురించి అడిగితే మాత్రం "చాలా అరుదు, మీరు దాని గురించి ఆలోచించకండి" అన్నారు. ఆలోచించకుండానే సంతకం పెట్టాను. ఆ మాట మీద కోపం ఇంకా పోలేదు.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. తెలివి వచ్చేసరికి మోకాళ్ల కింద దిండ్లు, పొట్టకు బిగుతైన బెల్టు, రెండు పక్కలా సన్నని గొట్టాలు, వాటి చివర ప్లాస్టిక్ బుడ్డలు. లోపల ఊరే నీరూ నెత్తురూ వాటిలోకి దిగుతాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మర్నాడే లేపి నడిపించారు. నడుం వంచుకుని గోడ పట్టుకుని నడిచాను.

రెండో రాత్రి పదకొండు దాటాక కుడి పక్క ఏదో బరువు పెట్టినట్టయింది. తర్వాత నొప్పి. అక్క కుడి బుడ్డ ఎత్తి చూసింది. సాయంత్రం దాకా పలచటి గులాబీ రంగు నీరు దిగింది. ఇప్పుడు చిక్కటి నెత్తురు. సిస్టర్ దాన్ని ఖాళీ చేసి, కొలిచి రాసుకుంది. అరగంటలో మళ్లీ నిండింది. డ్యూటీ డాక్టరును పిలిచారు. ఆయన బెల్టు విప్పలేదు, పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. తలుపు దగ్గరే నిలబడి, "అందం కోసం చేయించుకున్నారు కదమ్మా, ఈ మాత్రం ఓర్చుకోవాలి" అని నొప్పికి ఇంజెక్షన్ రాసి వెళ్లిపోయారు.

నేను సిగ్గుపడ్డాను. ఆ రాత్రి మొత్తంలో నన్ను ఇప్పటికీ కోసేది అదే. నిజమే కాబోలు, కోరి తెచ్చుకున్నదానికి మూలిగే హక్కు నాకెక్కడిదని దిండు అంచు కొరుక్కుంటూ పడుకున్నాను. గంటసేపు నోరు విప్పలేదు. గుండెకో కిడ్నీకో ఆపరేషన్ అయి ఉంటే ఆయన ఆ మాట అనేవారా?

ఇంతలో గొట్టంలో నెత్తురు ఆగింది. "తగ్గిందిలే, కాస్త కళ్లు మూసుకో" అంది అక్క. తగ్గలేదు, గొట్టమే గడ్డలతో పూడుకుపోయింది. అది మాకేం తెలుసు? చల్లటి చెమట పట్టింది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సిస్టర్ వచ్చి నాడి చూసింది. ఎవర్నీ అడక్కుండా బెల్టు విప్పింది. కుడి పక్క ఉబ్బి, కమిలి, రాయిలా ఉంది. ఆ అమ్మాయి డ్యూటీ డాక్టరు కోసం చూడలేదు, నేరుగా సర్జన్‌కే ఫోను చేసి "సార్, మీరు ఇప్పుడే రావాలి" అంది.

అక్క నా నుదుటి మీద చెయ్యి వేసి ఏదో జపిస్తోంది. నేను దేవుణ్ణి ఒక్కటే అడిగాను. అమ్మ అందం కోసం వెళ్లి చచ్చిపోయిందని నా కూతురు వినకూడదని.

రెండింటికల్లా సర్జన్ వచ్చారు. కుట్లు విప్పి, గడ్డలు తీసి, కారుతున్న చిన్న రక్తనాళాన్ని మూశారు. రెండు సంచుల రక్తం ఎక్కించారు. పొద్దున మంచం పక్కన కూర్చుని, "మీకు ముందే వివరంగా చెప్పాల్సింది" అన్నారు. ఆ మాటతో సగం కోపం కరిగింది. డ్యూటీ డాక్టరు మళ్లీ కనిపించలేదు. ఫిర్యాదు రాసిచ్చాను, జవాబు లేదు.

రోజుకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ దిగేదాకా గొట్టాలు తియ్యలేదు. నాకు పన్నెండు రోజులు పట్టింది. బెల్టు ఆరు వారాలు. దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకునేదాన్ని. మూడో వారంలో కారణం లేని ఏడుపు పట్టుకుంది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. బొడ్డు కింద ఇప్పటికీ మొద్దుబారే ఉంది.

చేయించుకోవద్దని నేననను. రాత్రిపూట ఎవరుంటారో, నెత్తురు కారితే ఎంతసేపట్లో థియేటర్ తెరుస్తారో మాత్రం అడిగి తెలుసుకోండి. ఒక పక్కే ఉబ్బినా, బుడ్డ గబగబా నిండినా, నిండుతున్నది ఉన్నట్టుండి ఆగినా అరవండి. ఇంటికొచ్చాక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా తెల్లారేదాకా ఆగకండి. రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

పోయిన నెల పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సిస్టర్ కోసం అడిగితే వేరే చోటికి వెళ్లిపోయిందన్నారు. నా ఫైలులో ఆమె రాసిన పేజీకి నకలు అడిగి తెచ్చుకున్నాను. గుండ్రటి అక్షరాలు. 11.40కి 90 మిల్లీలీటర్లు. 12.10కి 90. 1.00కి ఏమీ లేదు. 1.20కి నాడి 130, బెల్టు విప్పాను, సర్జన్‌కు ఫోను చేశాను.