ఎవరూ అడగకుండానే

బుధవారం. ఇంటి పనయ్యాక సాయంత్రం మా వీధి చివర అక్కను చూడడానికి వెళ్లాను. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కగానొక్క కొడుకును భూస్థాపన చేసి నెల దాటింది. నవంబరు 2 దగ్గర పడుతోందిగా, సమాధుల పండుగకని అందరూ సున్నాలు వేయించుకుంటున్నారు. "మావాడిది ఇంకా మట్టి దిబ్బే, దానికేం వేయిస్తాం" అంది.

రోజూలాగే బైబిలు తీశాను. వరసలో లూకా సువార్త 7వ అధ్యాయం వచ్చింది. నాయీను అనే ఊరి గవిని, అంటే ఊరి ద్వారం, దగ్గర యేసుకు ఎదురైన విధవరాలు, ఆమె ఒక్కగానొక్క కొడుకు పాడె. ఇది చదవాలా వద్దా అని టెన్షన్ పడ్డాను. "చదువు" అంది.

చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో. ఇవాళ మాత్రం ఒక చోట ఆగిపోయాను. అక్కడ యేసును ఎవరూ ఏమీ అడగలేదు. యాయీరు అనే తండ్రి చావుబతుకుల్లో ఉన్న 12 ఏళ్ల కూతురి కోసం ఆయన కాళ్ల మీద పడ్డాడు. జబ్బుపడ్డ లాజరు కోసం అతని అక్కచెల్లెళ్లు కబురు పంపారు. ఈ తల్లి నోరు తెరిచి ఒక్క మాట అన్నట్టు లూకా రాయలేదు. ఆమె విశ్వాసం ప్రస్తావనే లేదు. ఆయన చూశాడు, కనికరపడ్డాడు. 'కనికరపడి' అన్న చోట గ్రీకులో ఉన్న మాట పేగుల్ని సూచించే మాట నుంచి పుట్టింది. కడుపు తరుక్కుపోయింది అంటామే, అదే. ముందు ఏడవవద్దన్నాడు, ఆ తర్వాతే పాడెను ముట్టాడు. శవాన్ని ముట్టినవాడికి 7 రోజులు మైల అని మోషే ధర్మశాస్త్రం చెప్పే యూదుల మధ్య!

నాయీను ఉన్న కొండకే మరో వైపున షూనేము ఉంది. పాత నిబంధనలో ఎలీషా ప్రవక్త ఒక తల్లి కొడుకును బతికించిన ఊరు. ఆయన తలుపు మూసి ప్రార్థన చేసి, రెండుసార్లు పిల్లవాడి మీద చాచుకుని పడుకోవాల్సి వచ్చింది. యేసు "లెమ్ము" అన్నాడు, అంతే. ఆ కుర్రాడు లేచి కూర్చుని మాట్లాడాడు. ఆయన అతణ్ని తల్లికి అప్పగించాడు.

"ఆవిడ కొడుకును లేపాడు. నా కొడుకును ఎందుకు లేపలేదు?" అంది అక్క.

దానికి నా దగ్గర జవాబు లేదు, అదే చెప్పాను. నాయీను కుర్రాడు కూడా ఎప్పుడో ఒకరోజు మళ్లీ చనిపోయే ఉంటాడు. యేసు మాత్రం మూడో రోజు లేచాడు, ఇక చనిపోడు. ఆయన పిలిచే రోజున మీవాడు కూడా ఆ మట్టిలోంచి వింటాడని నమ్ముతున్నానక్కా అన్నాను. చెబుతుంటే గొంతు వణికింది.

"అప్పటిదాకా?" అంది.

లేచి వంటింట్లోకి వెళ్లాను. పొద్దుటి నుంచి పొయ్యి వెలిగించినట్టు లేదు. బియ్యం కడిగి పెట్టి, దోసకాయ కనిపిస్తే పప్పులో వేశాను. ఇద్దరం తిన్నాం. ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది, దండెం మీది బట్టలు ఇంకా తీయలేదు.